ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చాలనుకుంటున్నా. బయటి ప్యాడ్ బాగానే ఉంది, మరి ఈ కీచు శబ్దం ఎక్కడిది?

కొత్తచెయ్యి

అందరికీ నమస్కారం. ఇంటిల్లిపాదీ తిరిగే కారు మాది. కొద్ది రోజులుగా బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు కుడి చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది. బ్రేకు మీద కాలు వేస్తే ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ వణకడం లేదు, బండి పక్కకు లాగడం లేదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మాత్రం కింది గీతకు కొంచెం పైన ఉంది.

చక్రం సందుల్లోంచి టార్చ్ వేసి చూస్తే ప్యాడ్ బాగానే మందంగా కనిపించింది. మరి శబ్దం ఎందుకు? ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, బల్బులు నేనే మార్చుకుంటాను. బ్రేకుల జోలికి మాత్రం ఇంతవరకూ వెళ్లలేదు. విప్పుతానని అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలైంది. ఇది ఇంట్లో చేసుకోగల పనేనా? ముందు కాస్త ఆయిల్ పోసి చూడమంటారా?

నిదానమే_ప్రధానం

ఆయిల్ పోయకండి. మిగతాదంతా తర్వాత.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెమే డిస్కు, దానికి రెండు వైపులా ప్యాడ్లను అదిమే భాగమే కాలిపర్. ప్యాడ్ అరిగేకొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ అంత మేర బయటికి జరుగుతుంది. దాని వెనక ఏర్పడిన ఖాళీని నింపడానికి పై డబ్బాలోంచి ఆయిల్ దిగుతుంది. కాబట్టి లీకేమీ లేకుండా మట్టం మెల్లమెల్లగా తగ్గిందంటే చాలాసార్లు ప్యాడ్లు అరుగుతున్నాయనే లెక్క. ఇప్పుడు పై గీతదాకా పోసేశారనుకోండి, కొత్త ప్యాడ్లు పెట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు అదంతా పైకి తన్నుకొచ్చి డబ్బా మూత దగ్గర పొంగుతుంది. బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింట్ లేచిపోతుంది. మట్టం ఉన్నట్టుండి పడిపోతే, లేదా కింది గీత దాటిపోతే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు బండి తీయకూడదు, చక్రాల లోపలి వైపు, గొట్టాల వెంబడి తడి ఎక్కడుందో వెతకాలి.

ఇక శబ్దం. చాలా ప్యాడ్లకు వెనక రేకు అంచున చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. అరిగే పదార్థం 2–3 మి.మీ.కి వచ్చేసరికి అది డిస్కుకు రాసుకుంటుంది. అలా అరవడమే దాని ఉద్యోగం. మీకు కనిపించింది బయటి ప్యాడ్. లోపలిది డిస్కు వెనకాల ఉంటుంది, చక్రం సందుల్లోంచి కంటపడదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక వైపు తిప్పి వెనకనుంచి చూడండి. ఇంకా నయం, చక్రమే విప్పండి.

గరాజ్_గోడ

నా మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. బల్బు తప్పుగా పెడితే వెలగదు, అంతే. బ్రేకు తప్పుగా పెడితే ఆ సంగతి తెలిసేది బండి ఆగాల్సిన చోట. పైగా అందులో కూర్చునేది ఇంటిల్లిపాదీ. తెలిసినవాళ్లు చేస్తుండగా ఒకసారి పక్కన నిలబడి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం.

స్పానర్_బాబాయ్

గరాజ్_గోడ గారి మాట కొట్టిపారేయను. పక్కన తెలిసినవాళ్లుంటే అంతకంటే ఏం కావాలి? కానీ డిస్క్ బ్రేకుల పనుల్లో ముందు ప్యాడ్లు మార్చడమే సులువైనది. ఆయిల్ గొట్టం విప్పే పని లేదు కాబట్టి లోపలికి గాలి చేరదు. ముందు చక్రాల పిస్టన్ మామూలుగా నేరుగా వెనక్కి పోతుంది.

తమ్ముడూ, నాలుగు సంగతులు చూసుకో. మీ మోడల్ మాన్యువల్ ఉందా? చదునైన గట్టి నేల ఉందా? జాకీ కాకుండా విడిగా స్టాండ్లు ఉన్నాయా? టార్క్ పానా, అంటే ఎంత బలంతో బిగిస్తున్నావో చూపించే పానా ఉందా? వీటిలో ఏది లేకపోయినా పని మొదలుపెట్టకు. సాయంత్రానికి ప్రయాణం ఉన్న రోజున అసలే వద్దు, మధ్యలో ఏదో ఒక బోల్టు మొండికేస్తుంది.

పని వరస చెబుతాను. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టు. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కొంచెం వదులు చెయ్యి. పైకి లేపాక పానా మీద బలం వేస్తే బండి ఊగుతుంది. మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి లేపి, స్టాండ్ మీద దించి, ఒకసారి బండిని తోసి చూడు. విప్పిన చక్రాన్ని కారు తలుపు కింది అంచు కింద పడుకోబెట్టు, స్టాండ్ జారినా అది కాస్త అడ్డుపడుతుంది.

కాలిపర్ వెనక వైపు పైన ఒకటి, కింద ఒకటి బోల్టులుంటాయి. చాలా కార్లలో కిందిది ఒక్కటి తీసి కాలిపర్‌ను పైకి తిప్పితే చాలు, పుస్తకం తెరిచినట్టు తెరుచుకుంటుంది. పూర్తిగా తీయాల్సి వస్తే చక్రం పైనుండే సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో కట్టు. రబ్బరు గొట్టానికి వేలాడదీయకు. గొట్టం లోపలి పొర చీలితే పైకి ఏమీ కనపడదు, ఆ తర్వాత ఆ చక్రం బ్రేకు పట్టి వదలదు.

రెండో చక్రం అప్పుడే విప్పకు. ఏ క్లిప్పు ఎటు ఉందో అనుమానం వస్తే అది చూసుకోవచ్చు. ఫోటోలు తీసుకున్నా మంచిదే గానీ, చేతులు నల్లగా అయ్యాక ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు.

ఇంకో మాట. పాత ప్యాడ్లు తీయగానే పారేయకు. లోపలిది, బయటిది, కుడిది, ఎడమది అని గుర్తు పెట్టి, కొలిచి ఇక్కడ రాయి. బండికి ఏమైందో అవే చెబుతాయి.

ఉప్పుకాగితం

ముక్కుకు మాస్క్ మర్చిపోవద్దు. ఆ నల్లటి పొడిని నోటితో ఊదడం, గాలి పంపుతో కొట్టడం చేయకండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పటివాటిలో చాలావరకు లేకపోయినా లోహాల సన్నపొడి ఊపిరితిత్తులకు మంచిదేమీ కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచేయండి. కింద ఒక ట్రే పెట్టుకుంటే నేల పాడవదు.

కొత్తచెయ్యి

అన్నీ కుదిరాయి, చక్రాలు విప్పాను. కొలతలివి, వెనక రేకు కలపకుండా:

ఎడమ బయటిది 5 మి.మీ., లోపలిది దాదాపు 5.
కుడి బయటిది 6, లోపలిది ఒక అంచున 3, ఇంకో అంచున 2 కంటే తక్కువ.

అంటే కుడి లోపలిది ఏటవాలుగా అరిగింది, దాని నాలుకే డిస్కుకు రాసుకుని మెరుస్తోంది. ఎడమవి ఇంకా కొన్నాళ్లు వచ్చేలా ఉన్నాయి కదా, కుడి వైపు మాత్రమే మారిస్తే సరిపోదా?

నిదానమే_ప్రధానం

సరిపోదు. ఒక ఇరుసు మీద రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్త ప్యాడ్, ఇంకో పక్క పాతది ఉంటే రెండింటి పట్టు ఒకేలా ఉండదు. గట్టిగా నొక్కిన రోజున బండి ఒక వైపు లాగుతుంది. ఎడమవి దాచిపెట్టుకునీ లాభం లేదు, 3 మి.మీ. వచ్చేసరికి ఎలాగూ మార్చాల్సిందే. చాలా కార్లకు కొత్త ప్యాడ్ మందం 10–12 మి.మీ. ఉంటుంది, ఆ లెక్కన అవీ సగం దాటాయి.

కానీ మీ అసలు సమస్య ప్యాడ్ కాదు. కుడి కాలిపర్ పిన్నులు చేత్తో కదిపి చూశారా?

స్పానర్_బాబాయ్

అదే రాద్దామని వచ్చాను. తమ్ముడూ, కొత్త ప్యాడ్లు వేసేసి మూత పెట్టేయకు, ఇదే అరుగుడు మళ్లీ వస్తుంది.

మీ కారులో కాలిపర్‌కు పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి వైపునే ఉంటుంది. బ్రేకు నొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. ఆ ఎదురు బలానికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి బయటి ప్యాడ్‌ను తనతో లాక్కొచ్చి రెండో వైపునుంచి నొక్కుతుంది. కాలు తీసినప్పుడు వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోతతో ఒక రబ్బరు రింగు ఉంటుంది. పిస్టన్ ముందుకొచ్చినప్పుడు అది కొద్దిగా మెలిపడి, ఒత్తిడి పోగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఉండే ఎడం అంతే.

ఇప్పుడు ఒక పిన్ను బిగుసుకుపోతే కాలిపర్ సరిగా జరగదు. పనంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది. కాలు తీసినా అది డిస్కును వదలదు. ఒక పిన్ను కదులుతూ ఇంకోటి కదలకపోతే కాలిపర్ వంకరగా కూర్చుంటుంది, అందుకే ఏటవాలు. రెండు పిన్నులూ హాయిగా జరుగుతున్నా లోపలిదే అరిగితే అప్పుడు పిస్టన్‌ను అనుమానించాలి. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు దిగితే తుప్పు పట్టి అదీ ఇరుక్కుంటుంది. అది ఇంట్లో సవరించుకునే పని కాదు.

కొత్తచెయ్యి

బాబాయ్, చెప్పినట్టే ఉంది. పై పిన్ను రెండు వేళ్లతో లాగితే జారుతోంది. కిందిది కదలనంటే కదలనంది. ఇరువైపులా తిప్పుతూ తిప్పుతూ లాగితే చివరికి వచ్చింది. దాని కొసన చిన్న రబ్బరు తొడుగు ఉంది, అది జిగటగా ఉబ్బిపోయి రంధ్రంలో ఇరుక్కుంది. పిన్ను మీద నల్లటి గ్రీజు గట్టిపడి మైనంలా పేరుకుంది. ఎడమ వైపు కింది పిన్నుకూ అలాంటి తొడుగే ఉంది గానీ అది సన్నగా, మెత్తగా ఉంది. ఈ తొడుగు తీసేసి పిన్ను తిరిగి పెట్టేయొచ్చా?

ఉప్పుకాగితం

తీసేయొద్దు. పిన్ను టకటకమని కొట్టుకోకుండా ఆపడానికే ఆ తొడుగు. పిన్నులు, తొడుగులు, రబ్బరు బూట్లు (రంధ్రం మూతి దగ్గర పిన్ను చుట్టూ ఉండే ముడతల రబ్బరు) కలిపి కిట్‌గా దొరుకుతాయి, మీ మోడల్‌కు సరిపడేది తెప్పించుకోండి. పై పిన్ను, కింది పిన్ను చాలా కార్లలో ఒకటి కాదు, తారుమారు చేయకండి.

ఉబ్బడానికి కారణం కూడా కనిపిస్తూనే ఉంది. ఇంతకుముందు ఎవరో చక్రం బేరింగులకు వాడే మామూలు గ్రీజు పూసినట్టున్నారు. పెట్రోలియం గ్రీజు తగిలితే ఈ రబ్బరు నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, జారాలని పూసిందే పట్టేసింది. పిన్నులకు సిలికోన్ గ్రీజు, లేదా బ్రేకుల కోసమే అని డబ్బా మీద రాసి ఉన్న సింథటిక్ గ్రీజు వాడాలి.

చక్రధారి

రాగి గ్రీజు వాడొచ్చు కదా? ఎంత వేడికైనా తట్టుకుంటుంది. నేను ప్యాడ్ చెవులకు, అంటే బ్రాకెట్‌లో కూర్చునే రెండు కొసలకు అదే పూస్తాను.

ఉప్పుకాగితం

చెవుల దగ్గర పూత పూసినట్టు సన్నగా రాస్తే మీ ఇష్టం, నేనైతే అక్కడా సిరామిక్ గ్రీజే వాడతాను. రాగి గ్రీజు పిన్నుల్లోకి మాత్రం వద్దు. అందులోని లోహపు రేణువులు ఆ సన్నటి సందులో పేరుకుపోతాయి, చాలా రకాల్లో కలిపే నూనె కూడా పెట్రోలియమే.

చక్రధారి

పిన్నుల్లోకి నేనూ పెట్టనులెండి. చెవుల సంగతే అన్నాను.

స్పానర్_బాబాయ్

గ్రీజు ఎంత పూయాలో కూడా చెప్పండయ్యా, కొత్తవాళ్లు గరిటెలతో పోస్తారు. పిన్ను చుట్టూ పలుచగా పొర ఉంటే చాలు. రంధ్రం నింపేస్తే పిన్ను లోపలికి పోవడానికి చోటుండదు, గ్రీజే దాన్ని బయటికి తోస్తుంది. పిన్ను పెట్టేటప్పుడు బూటు అంచును కాస్త ఎత్తి పట్టుకుంటే లోపలి గాలి బుస్సుమని పోతుంది. రంధ్రాన్ని ముందు క్లీనర్‌తో, సన్నటి బ్రష్‌తో శుభ్రం చెయ్యి. పిన్ను మీద తుప్పు గుంటలు పడితే ఉప్పు కాగితంతో రుద్ది సరిపెట్టుకోకు, కొత్తది వెయ్యి. రుద్దితే పైపూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

ప్యాడ్ చెవులు కూర్చునే బ్రాకెట్ కూడా చూడు. అక్కడి స్టీలు క్లిప్పులు ఊడదీస్తే వాటి కింద తుప్పు పొర ఉంటుంది. అది ఉబ్బి క్లిప్పును పైకి నెట్టడం వల్ల ప్యాడ్ బిగుసుకోవడం నేను తరచూ చూసే తంతు. వైర్ బ్రష్‌తో అసలు ఇనుము కనిపించేదాకా గీకి కొత్త క్లిప్పులు పెట్టు. కొత్త ప్యాడ్ అందులో వేలితో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కొత్తచెయ్యి

కిట్, క్లిప్పులు చెప్పాను. ప్యాడ్లే తేల్చుకోలేకపోతున్నా. సిరామిక్, సెమీ మెటాలిక్, ఆర్గానిక్ అని రకరకాలుగా ఉన్నాయి. డిస్కులు కూడా మార్చాలా?

నిదానమే_ప్రధానం

ఇంటి వాడకానికి కంపెనీవాళ్లు బండితో ఇచ్చిన రకమే వేసుకోండి. బండి బరువును, మిగతా బ్రేకు అమరికను లెక్క చూసుకునే వాళ్లు దాన్ని ఎంచుకుంటారు. సిరామిక్ శబ్దం, పొడి తక్కువ. సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటుంది, బరువులతో ఘాట్ రోడ్లు దిగేవాళ్లకు నప్పుతుంది, కానీ డిస్కును కాస్త ఎక్కువ తింటుంది, శబ్దమూ ఎక్కువే. ఆర్గానిక్ మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది.

చాలా ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, జీఎఫ్ లాంటి రెండు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక ఉండే పట్టు. ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ (E) ఉంటే ఘర్షణ గుణకం, అంటే పట్టును చెప్పే అంకె, 0.25 నుంచి 0.35, ఎఫ్ 0.35 నుంచి 0.45, జీ 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువైతే వేడెక్కినప్పుడు పట్టు సడలుతుందని అర్థం. ఎన్నాళ్లు మన్నుతుందో ఈ అక్షరాలు చెప్పవు. యూరప్ నిబంధనల ప్రకారం పరీక్షించిన వాటి మీద వృత్తంలో ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం, పక్కన 90ఆర్‌తో మొదలయ్యే సంఖ్య ఉంటాయి. పేరూ ఊరూ లేని చవక ప్యాడ్ల కంటే అలాంటి ముద్ర ఉన్నవి నయం.

పాతబండి_ప్రేమికుడు

మధ్యలో చిన్న ముచ్చట, తిట్టుకోకండి. 1888 ఆగస్టులో, కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు కారు నడుపుకుంటూ వెళ్లింది. దారిలో దిగుడు రోడ్లకు బ్రేకు దిమ్మలు అరిగిపోతే, చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు వేయించింది. బ్రేక్ లైనింగ్ అలా మొదలైందంటారు. ఇంటి బండికి దారి మధ్యలో బ్రేకు పని చేయించిన మొదటి మనిషి ఆవిడే అయ్యుంటుంది. సరే, కానివ్వండి.

గరాజ్_గోడ

డిస్కుల సంగతి నేను చెబుతాను. డిస్కు మధ్య భాగం మీదో అంచు మీదో కనిష్ఠ మందం అచ్చు వేసి ఉంటుంది, మిన్ టీహెచ్ అని. కొత్తది 22 మి.మీ. అయితే కనిష్ఠం 20 అని ఉండొచ్చు. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, ఆ గీత దాటిన డిస్కు వేడిని ఇముడ్చుకోలేదు, పగుళ్లు వస్తాయి. అరిగిన డిస్కు అంచున గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ పెడితే ఆ గట్టుల మీద కూర్చుని ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే రెండు వైపులా ఒకే మందం వాషర్లు పెట్టి కొలిచి, వాటి మందం తీసేయండి. ఒక్క చోట కాకుండా చుట్టూ కొలవండి.

ఇంకా: గోరు ఆనేంత లోతు చారలు, నీలిరంగు మచ్చలు, బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద తన్నడం ఉంటే డిస్కు కూడా పోయిందనే అనుకోండి. కుడి వైపు లోపలి ముఖం బాగా చూడండి, ఇన్నాళ్లూ నలిగింది అదే.

కొత్తచెయ్యి

గరాజ్_గోడ గారూ, థాంక్స్ అండీ. కనిష్ఠం 20, నాది చుట్టూ 21కి అటూ ఇటూగా వచ్చింది. లోపలి ముఖం మీద సన్న గీతలున్నాయి గానీ గోరు ఆనడం లేదు. డిస్కులు ఉంచేస్తాను. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు బ్లీడర్ నిప్పిల్ (కాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తెరవాలని ఒకచోట, తెరవకూడదని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

చక్రధారి

తెరవాలి. కాలిపర్‌లో ఉన్నది అన్నిటికంటే మురికి ఆయిల్. నొక్కితే అది వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి (గట్టి బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పోతుంది, ఆ సన్నటి వాల్వుల్లో చెత్త ఇరుక్కుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నిప్పిల్‌కు గొట్టం తగిలించి సీసాలోకి వదిలేస్తే గొడవే లేదు.

స్పానర్_బాబాయ్

మీ మాటలో నిజముంది, కానీ చేసేది ఎవరో చూడండి. మొదటిసారి చేసే మనిషి నిప్పిల్ తెరిచి, మూయడం ఒక్క క్షణం ఆలస్యం చేస్తే గాలి దూరుతుంది. అప్పుడు బ్లీడింగ్, అంటే గొట్టాల్లోంచి గాలంతా బయటికి తీసే పని, మొత్తం చేయాలి. తుప్పు పట్టిన నిప్పిల్ విరిగితే కాలిపర్ విప్పి పట్టుకుపోవాలి. నేను చెప్పేది మధ్యేమార్గం. పై డబ్బాలోంచి సిరంజితో కొంచెం ఆయిల్ తీసెయ్యి, పూర్తిగా ఖాళీ చేయకు. పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు ఆనించి, దాని మీద సీ క్లాంప్ (సీ ఆకారంలో ఉండే మర బిగింపు) వేసి మెల్లగా, చాలా మెల్లగా బిగించు. మధ్యమధ్యలో డబ్బా వైపు చూసుకో. ఆయిల్ పాతదైతే పని అయ్యాక మొత్తం మార్పించెయ్యి.

ఆ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. పోసేది డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలి. డాట్ 5 అనేది సిలికోన్, డాట్ 5.1 మాత్రం డాట్ 4 జాతిదే. పేర్లు చూసి పొరబడొద్దు.

మౌన_మోటారు

నాది హైబ్రిడ్. నేనూ ఇదే చూస్తూ చేసుకోవచ్చా?

నిదానమే_ప్రధానం

ఆగండి. కొన్ని హైబ్రిడ్లలో తలుపు తెరిస్తేనో, తాళం చెవి దగ్గరికి వస్తేనో బ్రేకు వ్యవస్థ తనంతట తానే ఒత్తిడి తెచ్చుకుంటుంది. అప్పుడు కాలిపర్ తెరిచి ఉంటే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. మీ మాన్యువల్‌లో సర్వీస్ మోడ్ ఎలా పెట్టాలో చూడకుండా బోల్టు ముట్టుకోవద్దు.

కొత్తచెయ్యి

పని పూర్తయింది! కొత్త పిన్నులు, తొడుగులు, క్లిప్పులు, ప్యాడ్లు. కుడి పిస్టన్ క్లాంప్‌తో ఇబ్బంది లేకుండా లోపలికి పోయింది, రబ్బరు తొడుగు చిరగలేదు, తడి లేదు. కాలిపర్‌ను రెండు చేతులతో పట్టుకుంటే అటూ ఇటూ జారుతోంది, చూడ్డానికే ముచ్చటగా ఉంది. అన్ని బోల్టులూ మాన్యువల్ అంకెకు టార్క్ పానాతో బిగించాను.

ఇంకా బండి తీయలేదు. తీసేముందు ఏమైనా మర్చిపోయానా?

గరాజ్_గోడ

పెడల్! ఇంజిన్ ఆన్ చేయకముందే పెడల్ నొక్కండి. మొదటిసారి మెత్తగా కిందికి దిగిపోతుంది, ఎందుకంటే పిస్టన్లు ఇంకా వెనకే ఉన్నాయి, ప్యాడ్లు డిస్కును తాకలేదు. నేలదాకా తొక్కకుండా సగం సగం నొక్కుతూ పోతే క్రమంగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ చూడండి. ఇది మర్చిపోయి గేరు వేస్తే మొదటి బ్రేకు పడదు, ఎదురుగా గోడ ఉంటే గోడకే. తర్వాత ఆయిల్ మట్టం చూసి రెండు గీతల మధ్యకు తెచ్చుకోండి.

ఆ తర్వాత స్టీరింగ్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పి, బ్రేకు గొట్టం మెలిపడిందేమో, చక్రానికి తగులుతోందేమో చూడండి. కాలిపర్ తిప్పినప్పుడు గొట్టం మెలికపడి అలాగే ఉండిపోవడం మామూలే.

స్పానర్_బాబాయ్

డిస్కు మీద వేలిముద్ర, గ్రీజు మరక ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడిచెయ్యి. ప్యాడ్ ముఖానికి గ్రీజు అంటితే మాత్రం తుడిచి వాడకు, అది పీల్చేసుకుంటుంది.

వీల్ నట్లు ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు వరస మార్చి బిగించు. కొంత దూరం తిరిగాక, ఒక 50–100 కి.మీ. తర్వాత, టార్క్ పానాతో మరోసారి చూసుకో.

ప్యాడ్లు కూర్చోవడానికి వాటి పెట్టె మీద ఏం రాశారో అదే చెయ్యి. ఏమీ రాయకపోతే ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, గంటకు 50 కి.మీ. వేగం నుంచి 10కి, మధ్యరకం బలంతో 8–10 సార్లు తగ్గించు. పూర్తిగా ఆపకు. ఒక్కోదాని మధ్య కాస్త పరుగు ఇస్తే వేడి తగ్గుతుంది. చివర్లో బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వు. వేడి డిస్కు మీద ప్యాడ్‌ను అదిమిపెట్టి నిలబడితే ఆ ఒక్క చోట మచ్చ పడుతుంది, తర్వాత పెడల్ తన్నడం మొదలవుతుంది.

కొత్తచెయ్యి

పెడల్ గట్టిపడింది, మట్టం గీతల మధ్యే ఉంది. మొదట కొంచెం కాలిన వాసన వచ్చి పోయింది. కీచు శబ్దం లేదు. పెడల్ పట్టు మాత్రం పాతదాని కంటే కాస్త కిందికి దిగాక వస్తోంది, గాలి చేరిందంటారా?

నిదానమే_ప్రధానం

వాసన మామూలే, కొత్త ప్యాడ్లలోని జిగురు పదార్థం మొదటిసారి వేడెక్కినప్పుడు వస్తుంది. పెడల్‌కు ఒక పరీక్ష ఉంది. బండి నిలిపి వెంటవెంటనే నొక్కండి. నొక్కేకొద్దీ పైకి వచ్చి గట్టిపడితే గాలినో, ఇంకా సరిగా కూర్చోని ప్యాడ్‌నో అనుమానించాలి. ఒకే ఎత్తులో గట్టిగా ఉంటే కంగారు లేదు, ప్యాడ్ మొత్తం డిస్కుకు ఒరుసుకునేదాకా కొంచెం అలా ఉంటుంది. పాదం బరువుతో నొక్కి పట్టుకుంటే మెల్లగా జారుతూ నేలకు దిగితే మాత్రం బండి ఆపేసి చూపించండి, అది మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే భాగం) లోపం.

కాసేపు నడిపి దిగాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి, డిస్కును తాకకుండా. రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండాలి.

కొత్తచెయ్యి

నిలిపి నొక్కితే ఒకే ఎత్తు, జారడం లేదు. రెండు చక్రాలూ ఒకేలా వేడెక్కాయి. ఇంతకుముందు కుడిదే ఎక్కువ వేడిగా ఉండేది, మైలేజీ తగ్గిందని టైర్లను అనుమానించాను. నట్లు మళ్లీ చూశాను, ఏదీ కదల్లేదు. ఆయిల్ ఎప్పుడు మార్చారో రికార్డు లేదు, కాబట్టి అది మాత్రం గరాజ్‌లో చేయిస్తున్నాను.

స్పానర్_బాబాయ్

అక్కడ ఉన్నప్పుడే వెనక బ్రేకులు కూడా చూడమను. ముందు కాలిపర్‌లో ఆ గ్రీజు పూసినవాళ్లే వెనకా చేయి పెట్టి ఉంటారు.

మౌన_మోటారు

వెనకవి కూడా ఇలాగే క్లాంప్‌తో నొక్కేయొచ్చా? నా దాంట్లో హ్యాండ్ బ్రేక్ బదులు బటన్ ఉంది.

ఉప్పుకాగితం

నొక్కొద్దు. బటన్ ఉన్నవాటిలో చాలావాటికి పిస్టన్ లోపల మోటారు తిప్పే మర ఉంటుంది. దాన్ని ముందు సర్వీస్ మోడ్‌లో వెనక్కి తిప్పించాలి, బలవంతంగా నొక్కితే మర విరుగుతుంది. తీగతో పనిచేసే మామూలు హ్యాండ్ బ్రేక్ ఉన్న కాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. మీ మోడల్, సంవత్సరం రాసి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ చూద్దాం.